టేపు కోసే ముందు: స్రవంతికి ఒక ఉత్తరం

చిరంజీవి స్రవంతికి,

పెదనాన్న ఆశీస్సులు. మొన్న రాత్రి మీ నాన్న తెనాలి నుంచి ఫోన్ చేశాడు. "దానికి ఉద్యోగం ఉంది, వీసా టెన్షన్ ఉంది, ఇప్పుడీ రచయితల ఇంటర్వ్యూలు ఎందుకు అన్నయ్యా, నువ్వైనా చెప్పు" అన్నాడు. సరే చెప్తానన్నాను. ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. అమెరికా చరిత్ర మీద, ఇక్కడి కోర్టుల మీద పుస్తకాలు రాసినవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించాలని, దాన్ని మనవాళ్లకు తెలుగులో విడమరిచి చెప్పాలని మన ఇంటి పిల్లకు అనిపించింది. 1974లో నేను ఈ దేశంలో దిగినప్పుడు అలా చెప్పేవాళ్లు నాకు ఒక్కరూ లేరు. అందుకని ఆపమని రాయడం లేదమ్మా. ఎలా చెయ్యాలో రాస్తున్నాను.

ముందు మీ నాన్న భయం సంగతి. నువ్వు వీసా మీద ఉన్నావు. ఈ కార్యక్రమం మీద ప్రకటనల డబ్బు గానీ, విరాళం గానీ ఒక్క డాలర్ తీసుకునే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడు. స్నేహితులను అడిగితే చాలదు, లాయర్నే అడుగు.

పుస్తకం మొత్తం చదువు. రచయిత పేరు ఎలా పలకాలో వాళ్లనే అడుగు. ఫోన్లు వేరే గదిలో పెట్టించు. మంచినీళ్లు దగ్గర పెట్టు. ఇవన్నీ నీకు తెలుసు.

నువ్వు పంపిన నమూనా రికార్డింగ్ రెండుసార్లు విన్నాను. గొంతు బాగుంది, కంగారు లేదు. కానీ ఇరవై నిమిషాల్లో పదకొండు నిమిషాలు నువ్వే మాట్లాడావు. గడియారం పెట్టి చూశాను. థింద్ కేసు గురించి నీకెంత తెలుసో ఆ ప్రొఫెసర్ గారికి చెప్పడానికే సగం సమయం అయిపోయింది. పాపం ఆయన రెండుసార్లు ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. ప్రశ్న ఒక వాక్యం ఉంటే చాలు తల్లీ. నువ్వు చదివావని ఆ వాక్యంలోనే వాళ్లకు తెలిసిపోతుంది.

అయితే ఆ కేసును ఎంచుకోవడం మాత్రం నాకు చాలా నచ్చింది. భగత్ సింగ్ థింద్ పంజాబ్ నుంచి వచ్చి, అమెరికా సైన్యంలో పనిచేసి, గౌరవంగా బయటికొచ్చిన మనిషి. అప్పటి చట్టం వలస వచ్చినవాళ్లలో తెల్లవాళ్లకూ ఆఫ్రికా మూలాలున్నవాళ్లకూ మాత్రమే పౌరసత్వం ఇచ్చేది. అయినా పౌరసత్వానికి పనికిరాడని 1923 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. మూడు నెలల ముందు ఒజావా అనే జపాన్ ఆయన కేసులో, ఒంటి రంగు తెలుపైతే సరిపోదు, కాకేసియన్ జాతివాడై ఉండాలి అన్నది ఇదే కోర్టు. సరే నేను ఆ జాతివాడినే అని థింద్ వస్తే, జాతి శాస్త్రం మాకొద్దు, మామూలు మనిషి ఎవరిని తెల్లవాడంటాడో వాడే తెల్లవాడు అంది. రెండు తీర్పులూ రాసింది ఒకే న్యాయమూర్తి, సదర్లాండ్. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అదే 1923లో బోస్టన్‌లో దిగారు. ఆయన అడిగినా పౌరసత్వం ఇచ్చే చట్టం 1946 దాకా లేదు. ఇది వింటే డాలస్‌లో ఉన్న తెలుగు పిల్లలు పని ఆపి కూర్చుంటారు. నువ్వు ఆ ప్రొఫెసర్‌ని చెప్పనిచ్చి ఉంటే ఆ రికార్డింగ్‌లోనే ఉండేది.

పుస్తకం చేతికి రాగానే వెనక నుంచి మొదలుపెట్టు. ముందు కృతజ్ఞతల పేజీలు, తర్వాత ఫుట్‌నోట్లు. ఏ ఆర్కైవ్‌లో ఎన్ని రోజులు కూర్చున్నారో, ఎవరి ఇంట్లో ఏ ఉత్తరాల పెట్టె దొరికిందో అక్కడే ఉంటుంది. మంచి ప్రశ్నలు నాకు ఎప్పుడూ అక్కడే దొరికాయి. తీర్పు గురించి మాట్లాడేటప్పుడు తీర్పే చదువు. మొదట్లో ఉండే సారాంశం చదివి ఆగిపోకు. ఆ సారాంశం కోర్టు అభిప్రాయంలో భాగం కాదని ప్రతి తీర్పు మీదా వాళ్లే అచ్చువేస్తారు. నువ్వు చెప్పబోయే వాక్యం మెజారిటీ వాళ్లదా, విభేదించిన న్యాయమూర్తిదా అని పక్కన పెన్సిల్‌తో రాసుకో.

ఇంకొకటి, 1955 నుంచి సుప్రీంకోర్టులో జరిగిన వాదనల రికార్డింగులు ఉన్నాయి. తెల్లవాళ్లు వేరే జాతివాళ్లను పెళ్లాడటం వర్జీనియాలో నేరంగా ఉన్న రోజుల్లో అలా పెళ్లి చేసుకున్న లవింగ్ దంపతుల కేసులో వాదనలు జరిగింది 1967లో. "నేను నా భార్యను ప్రేమిస్తున్నానని కోర్టుకు చెప్పండి, ఆమెతో వర్జీనియాలో బతకనివ్వకపోవడం అన్యాయం" అని రిచర్డ్ లవింగ్ తనకు చెప్పిన మాటను వాళ్ల లాయర్ కోర్టులో అలాగే అప్పజెప్పాడు. నేనూ మీ పెద్దమ్మా వంటింట్లో కూర్చుని విన్నాం. అది అయిపోయాక ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. రచయితతో కూర్చునే ముందు రాత్రి అలాంటిది ఒకటి విను. మర్నాడు నీ ప్రశ్నల్లో తేడా నీకే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. పోయిన ఆదివారం ఫోన్లో సంతోషంగా ఒక మాట చెప్పావు. కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నావట. మాట్లాడినదంతా స్క్రీన్ మీద అక్షరాల్లో వస్తుందట. ఒక వాక్యం డిలీట్ చేస్తే గొంతు కూడా పోతుందట, అతుకు ఎక్కడుందో ఎవరికీ తెలియదట. "ఎంత ఈజీ పెదనాన్నా" అన్నావు. అప్పుడు నేను ఏదో మాట మార్చాను. ఎందుకో ఇప్పుడు చెప్తాను. ఈ సంగతి మీ నాన్నకు కూడా తెలియదు.

మా ఊరి కాలేజీ రేడియోలో పంతొమ్మిదేళ్లు ఆదివారం పుస్తకాల కార్యక్రమం చేశానని నీకు తెలుసు. అది 1987. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మూలాలున్న అమెరికన్లను క్యాంపుల్లో పెట్టిన చరిత్ర మీద పుస్తకం రాసిన ఒకావిడ వచ్చారు. 1942 ఫిబ్రవరి 19న రూజ్‌వెల్ట్ సంతకం చేస్తే దాదాపు 1,20,000 మందిని పశ్చిమ తీరం నుంచి తరలించారు. వాళ్లలో మూడింట రెండు వంతుల మంది ఇక్కడ పుట్టిన పౌరులే. థింద్ తీర్పుదీ అదే తేదీ, చూశావా. ఆవిడ ఎనిమిదేళ్ల పిల్లగా యూటాలోని టోపాజ్ క్యాంపులో ఉన్నారు.

ఆ పుస్తకంలో ముఖ్యమైనది కొరెమాత్సు కేసు. ఓక్లాండ్‌లో పుట్టిన వెల్డర్, ఊరు వదిలి వెళ్లనన్నందుకు అరెస్టు చేశారు. 1944లో సుప్రీంకోర్టు 6–3 తేడాతో ప్రభుత్వం వైపు తీర్పిచ్చింది. దాదాపు నలభై ఏళ్ల తర్వాత పీటర్ ఐరన్స్ అనే చరిత్రకారుడు, ఐకో హెర్జిగ్-యోషినాగా అనే పరిశోధకురాలు పాత ఫైళ్లు తవ్వారు. ఆ తరలింపు ఆజ్ఞలు ఇచ్చిన సైన్యాధికారి జనరల్ డెవిట్ దాని మీద రాసిన నివేదిక మొదటి ప్రతిలో, వీళ్లలో విధేయులెవరో కానివాళ్లెవరో తేల్చడం అసాధ్యం, అది సమయం చాలకపోవడం వల్ల కాదు అని ఉంది. వాషింగ్టన్‌లో దాన్ని మార్పించి, పాత ప్రతులు తగలబెట్టించారు. ఒక్కటి మిగిలిపోయి, 1982లో నేషనల్ ఆర్కైవ్స్‌లో ఒక ఉద్యోగి బల్ల మీద ఆమె కంటబడింది. నివేదికలో కొన్ని మాటలు అబద్ధమని ప్రభుత్వ లాయర్లే కోర్టుకు చెప్పాలని ఒక ఫుట్‌నోట్ రాస్తే, దాన్నీ పైవాళ్లు మెత్తబరిచారు. ఈ కాగితాల బలంతో 1983 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో జడ్జి మారిలిన్ హాల్ పటేల్ కొరెమాత్సు మీదున్న నేర నిర్ధారణను రద్దు చేశారు.

రికార్డింగ్‌లో నేను అడిగిన ప్రశ్న ఇది: "1983లో ఆ సుప్రీంకోర్టు తీర్పును కొట్టేశారు కదా, ఆ రోజు మీరు కోర్టులోనే ఉన్నారా?" ఇంగ్లీషులోనే అడిగాను కానీ, నా తలలో ఉన్నది మన తెలుగు మాట. మన పేపర్లలో పిటిషన్ కొట్టేశారంటాం, కేసు కొట్టేశారంటాం, శిక్ష కొట్టేశారంటాం, తీర్పూ కొట్టేశారంటాం. అన్నిటికీ ఒకే మాట. ఆవిడ చెయ్యి ఎత్తి నన్ను ఆపారు. "లేదు. ఆయన మీద నేరం తీసేశారు. అది కింది కోర్టు. సుప్రీంకోర్టు తీర్పు అలాగే ఉంది. విభేదించిన జస్టిస్ జాక్సన్ చెప్పినట్టు, తూటా నింపిన తుపాకీలా పడి ఉంది, అత్యవసరమని నమ్మించగలిగిన ఏ అధికారి చేతికైనా అందేట్టు" అన్నారు. తర్వాత కోర్టులో ఆ రోజు ఏం జరిగిందో చెప్పారు.

ఆ రాత్రి స్టూడియోలో ఒక్కడినే ఎడిటింగ్‌కి కూర్చున్నాను. ఒక ఇండియన్ వచ్చి అమెరికా చట్టం గురించి మాట్లాడతాడేంటని అప్పటికే రెండు ఉత్తరాలు వచ్చి ఉన్నాయి. నా తప్పు గాల్లోకి పోతే నవ్వుతారని భయం వేసింది. నా ప్రశ్న తీసేస్తే కోర్టులో జరిగింది చెప్పిన భాగానికి మొదలు లేకుండా పోతుంది. అందుకని ప్రశ్న ఉంచాను. ఆవిడ "లేదు" అన్న దగ్గర నుంచి తుపాకీ మాట దాకా బ్లేడుతో కోసి, రెండు కొసలూ అతికించాను. నలభై సెకన్ల మాట అంటే ఇరవై అయిదు అడుగుల టేపు. చెత్తబుట్టలో వేశాను.

అసలు రికార్డింగ్ కాపీని కాగితం మీదికి ఎక్కించేది మీ పెద్దమ్మే. ఆవిడ ఒకటే అడిగింది: "ఆవిడ కాదంటే నువ్వు ఔననిపించావేంటి?" టైమ్ సరిపోలేదన్నాను. అది అబద్ధం.

కార్యక్రమం ప్రసారమైంది. ఆ తీర్పు పోయిందని నేను అడుగుతాను, ఆవిడ దాన్ని ఒప్పుకుని ఆ రోజు గురించి చెప్పుకుపోతారు. విన్నవాళ్లందరికీ అలాగే వినిపించింది. పది రోజులకు ఆవిడ దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. ఒక్క తిట్టు లేదు. "నేను ఈ పుస్తకం రాసింది ఆ ఒక్క వాక్యం చెప్పడానికి. మీ కార్యక్రమంలో నా గొంతుతోనే దానికి ఎదురుమాట చెప్పించారు" అని ఉంది. నివేదిక మార్చి పాత ప్రతి తగలబెట్టిన వాళ్ల గురించి రాసిన మనిషి ఆవిడ. ఆ ముక్క ఉత్తరంలో ఎక్కడా ఎత్తలేదు. నాకే తట్టింది, తట్టిన దగ్గర నుంచి పోలేదు.

వచ్చే ఆదివారం సవరణ చదువుతానని నిర్వాహకుడికి చెప్పాను. "ఇంత చిన్నదానికి ఎందుకు, ఎవరు పట్టించుకుంటారు" అన్నాడు. నేను గట్టిగా పట్టుబట్టి ఉంటే ఒప్పుకునేవాడే. పట్టుబట్టలేదు. ఆవిడకు క్షమాపణ రాశాను, మర్యాదగా జవాబిచ్చారు. రేడియోలో మాత్రం ఆ తప్పు అలాగే ఉండిపోయింది.

2018 జూన్‌లో, కొన్ని దేశాలవాళ్లు అమెరికాలోకి రాకుండా ట్రంప్ పెట్టిన ప్రయాణ నిషేధం కేసులో, కొరెమాత్సు తీర్పు ఇచ్చిన రోజే ఘోరమైన తప్పు అని ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ రాశారు. 1944 నుంచి డెబ్బై మూడేళ్లు దాటాక. అంటే ఆవిడ నాతో అన్నది నిజం, అప్పటిదాకా అది అలాగే పడి ఉంది. ఆ మాట వినడానికి ఆవిడ లేరు. మీ పెద్దమ్మ కూడా అప్పటికి లేదు. ఆ పేజీలు ప్రింట్ తీసుకుని చాలాసేపు వరండాలో కూర్చున్నాను.

అందుకే ఇది ఆజ్ఞ అనుకో. అసలు రికార్డింగ్‌ను రెండు చోట్ల దాచు, ఎప్పటికీ చెరపకు. దగ్గులు తీసెయ్యి, నీ నసుగుడు తీసెయ్యి. వాళ్లు నిన్ను సరిదిద్దిన చోటు మాత్రం ఎప్పుడూ తియ్యకు. సరిదిద్దిన మాట ఉంచలేకపోతే నీ ప్రశ్న కూడా తియ్యి, ఆ భాగం మొత్తం పోనీ. తప్పు దొర్లితే తర్వాతి కార్యక్రమం మొదట్లోనే చెప్పు, చివర్లో వద్దు.

తెలుగులోకి తెచ్చేటప్పుడు ఇంకా భయం నాకు. పుట్టుకతో వచ్చే పౌరసత్వం గురించి ఇప్పుడు మన ప్రతి ఇంట్లో మాట్లాడుకుంటున్నారు. ఇక్కడ పుట్టిన చైనా దంపతుల కొడుకు పౌరుడేనని సుప్రీంకోర్టు చెప్పిన వాంగ్ కిమ్ ఆర్క్ కేసు, 1898, ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. నువ్వు "కోర్టు ఆపేసింది" అన్నావనుకో, తాత్కాలికంగా ఆపారా, పూర్తిగా రద్దు చేశారా, ఏ కోర్టు, ఎవరికి వర్తిస్తుంది? కడుపుతో ఉన్న ఒక పిల్ల ఆ మాట పట్టుకుని నిద్రపోతుంది, లేదా నిద్ర మానేస్తుంది. కొట్టేశారు అనే మాట నోటికి వచ్చిన ప్రతిసారీ ఆగి, ఏం చేశారో రెండు వాక్యాల్లో చెప్పు. ఆలస్యమైనా ఫర్వాలేదు.

చాలా రాశాను. చేతివేళ్లు నొప్పి పెడుతున్నాయి. మొదటి కార్యక్రమం ఎవరితోనో ఖాయమయ్యాక చెప్పు. ఆ పుస్తకం నేనూ తెప్పించుకుని చదువుతాను, ప్రశ్నలు ఇద్దరం కలిసి చూద్దాం. నీకు వీలైతే ఆదివారం పొద్దున్నే ఫోన్ చెయ్యి. ఆ టైమ్‌కి నాకు ఇప్పటికీ మెలకువ వచ్చేస్తుంది.

ఆవిడ పుస్తకం రేపు పోస్టులో పంపుతున్నాను. కొరెమాత్సు అధ్యాయం మొదట్లో ఆవిడ ఉత్తరం ఉంటుంది, అసలుదే. చదివాక మళ్లీ ఆ పేజీలోనే పెట్టు.

మీ పెదనాన్న