హార్మోన్‌ను కర్తగా పెట్టకు

అమ్మాయ్,

మగవాళ్లలో ఎక్కువుండే టెస్టోస్టిరాన్ లాంటి హార్మోన్లకూ మనిషి స్వభావానికీ ఉన్న సంబంధం మీద నీ వ్యాసం అందింది. "టెస్టోస్టిరాన్ ఎక్కువైతే మనిషి స్వార్థపరుడవుతాడు" అన్న వాక్యం దగ్గర ఒళ్లు మండింది. హార్మోన్‌ను కర్తగా పెట్టి క్రియ తగిలిస్తే సైన్సు అయిపోతుందా? ముందు ప్రయోగంలో ఆడించిన ఆట నియమాలు చెప్పు, ఒంట్లో ఏముందో ఆ తర్వాత చెబుదువుగాని.

అల్టిమేటం గేమ్ సంగతే చూడు. ఒకరు డబ్బు పంచుతారు. రెండోవారు ఒప్పుకుంటే ఇద్దరికీ దక్కుతుంది, కాదంటే ఇద్దరికీ సున్నా. పంచేవాళ్లు మామూలుగా 40 నుంచి 50 శాతం ఇస్తారు. 20 శాతం లోపైతే సగం మంది దాకా తిప్పికొడతారు. కాబట్టి బాగా ఇవ్వడం మంచితనమూ కావచ్చు, భయమూ కావచ్చు. విడదీయాలంటే డిక్టేటర్ గేమ్ ఆడించాలి. అందులో రెండోవారికి కాదనే హక్కే లేదు. నిజాయితీ, వినయం ఉన్నవాళ్లు అక్కడా ఇస్తారు. సర్దుకుపోయే గుణం తేలేది వేరే చోట, తక్కువ వాటా తమ చేతికొచ్చినప్పుడు. నువ్వు రెంటినీ కలిపి "మంచి స్వభావం" అనేశావు.

2010లో 'నేచర్' సైన్సు పత్రికలో వచ్చిన ప్రయోగంలో మహిళలకు 0.5 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్ నాలుక కింద ఇచ్చి, నాలుగు గంటలాగి అల్టిమేటం గేమ్ ఆడించారు. హార్మోన్ అందినవాళ్లు ఇంకా న్యాయంగా పంచారు. తమకిచ్చింది అదేనని నమ్మినవాళ్లు మాత్రం, అసలు ఇచ్చింది ఏదైనా సరే, తక్కువ ఇచ్చారు. నీ వాక్యాన్ని నమ్మినవాళ్లే దాన్ని నిజం చేశారన్నమాట! ఇక 2007 నాటి అధ్యయనంలో, సహజంగా ఆ హార్మోన్ ఎక్కువున్న మగవాళ్లే 40 డాలర్లలో 5 డాలర్ల వాటాను ఎక్కువగా కాదన్నారు. పంచే కుర్చీలో కూర్చున్నారా, పుచ్చుకునే కుర్చీలోనా అన్నది చెప్పకపోతే ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నట్టు కనబడతాయి.

ఆక్సిటోసిన్‌కు "ప్రేమ హార్మోన్" అన్న పేరంటే సంపాదకులకు ప్రాణం. దాన్ని శీర్షికకెక్కించి, లోపలి "కావచ్చు"లన్నీ కోసేస్తారు. 2005లో 24 యూనిట్లు ముక్కులో కొడితే ఎదుటివారిపై నమ్మకం పెరిగిందన్నారు. 2020లో చాలా పెద్ద గుంపుతో చేస్తే ఆ ఫలితం రాలేదు. రెండూ రాయి, లేదా రెండూ వదిలేయ్.

లాలాజలంలో హార్మోన్లు కొలవడం గురించిన పేరా బాగుంది, ఏ వేళకు తీయాలో మాత్రం లేదు. ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ నిద్ర లేచిన అరగంట, ముప్పావుగంటకు బాగా పెరిగి సాయంత్రానికి పడిపోతుంది. ఒకరిని పొద్దున, ఇంకొకరిని సాయంత్రం పరీక్షిస్తే ఆ తేడా మనుషులదో వేళదో తేలదు. లాలాజలాన్ని దూదితో తీస్తే టెస్టోస్టిరాన్ అంకె తప్పొస్తుంది, చిగుళ్ల రక్తం కలిసినా అంతే. నేరుగా గొట్టంలోకి కార్చుకోవాలని రాయి.

ముందు ఇవి సరిచేసి పంపు.