ఆ రెండు రోజులు ఎక్కడ గడపాలి?

ప్రశ్న: మాకు పెళ్ళయి 12 ఏళ్ళయింది. మా వారిది గాజువాక వైపు ఒక కర్మాగారంలో షిఫ్టుల ఉద్యోగం, నేను ఎం.వి.పి. కాలనీలో మా ఇంటికి దగ్గరలోనే ఒక బడిలో లెక్కల టీచరును. ఆయన రాత్రి డ్యూటీ ముగించుకుని గుమ్మంలోకి వచ్చేసరికి నేను క్యారేజీ సర్దుకుని బయలుదేరుతూ ఉంటాను. డిసెంబరులో మా పెళ్ళిరోజు. బాబును రెండు రోజులు చూసుకుంటానని మా అత్తగారు అన్నారు. నాకు అరకు వెళ్ళాలని ఉంది. ఆయనేమో ప్రయాణంతో అలసిపోవడం కంటే బీచ్ రోడ్డులో మంచి హోటల్లో గది తీసుకుని, ఇద్దరమూ స్పాలో మసాజ్ చేయించుకుని హాయిగా నిద్రపోదామంటున్నారు. పక్కపక్క బల్లల మీద కళ్ళు మూసుకుని పడుకోవడానికి అంత డబ్బు పెట్టడం నాకు ఇష్టం లేదు. రెండూ చేసే స్తోమత లేదు. ఏది ఎంచుకోమంటారు?
– ఒక సోదరి, విశాఖపట్నం

సమాధానం: మీ వారి కోరికలో నాకు మసాజ్ కంటే ముందు నిద్ర అన్న మాట వినిపించింది. రాత్రి డ్యూటీ చేసేవారు పగలు ఎంతసేపు పడుకున్నా, వెలుతురు వల్లా ఇంటి సందడి వల్లా ఆ నిద్ర ముక్కలు ముక్కలుగానే సాగుతుంది, శరీరం కూడా పగటి నిద్రకు అంత సులువుగా ఒప్పుకోదు. అందుచేత ఆయన మాటను సరదా లేకపోవడంగా తీసుకోకండి. మీ మాటలోనూ న్యాయం ఉంది. ఒకే ఇంట్లో ఉంటూ గుమ్మం దగ్గర మాత్రమే కలుసుకునే ఇద్దరికి కావలసినది తీరికగా మాట్లాడుకునే సమయం, అది మసాజ్ బల్ల మీద దొరకదు.

నన్ను అడిగితే అరకే వెళ్ళమంటాను. బీచ్ రోడ్డు హోటల్ వద్దనడానికి ముఖ్య కారణం దూరం. మీ ఇంటి నుంచి అక్కడికి పది నిమిషాల దారి, బాబు కాస్త మారాం చేశాడని ఫోన్ వస్తే మీలో ఒకరు చెప్పులు వేసుకుంటారు. 115 కిలోమీటర్ల అవతల ఉంటే అదే ఫోన్‌కు నాలుగు ఊరడింపు మాటలు చెప్పి ఊరుకుంటారు.

అయితే కారులో వద్దు, రైల్లో వెళ్ళండి. కొన్నేళ్ళ క్రితం మేమిద్దరం కారు మాట్లాడుకుని ఒక్కరోజులో బొర్రా గుహలు, గాలికొండ, చాపరాయి, గిరిజన మ్యూజియం అన్నీ చుట్టబెట్టాము. దిగిన ప్రతిచోటా ఫొటోలు తీసుకున్నాము. చీకటి పడ్డాక ఘాట్ రోడ్డు మలుపులు దిగుతూ, పొద్దుటి నుంచి డ్రైవరుతో మాట్లాడినంత కూడా ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదని గమనించి నాకు నిజంగా దుఃఖం వచ్చింది. అరకు మీదుగా వెళ్ళే కిరండూల్ రైలు ఉదయం ఏడు కాకముందే విశాఖలో బయలుదేరుతుంది, సుమారు నాలుగు గంటలు ప్రయాణం. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని మన ఓడరేవుకు చేర్చడానికి 1960లలో వేసిన మార్గమిది కనుక, ఎదురుగా గూడ్సు వస్తే మీ రైలు ఏ కొండ అంచునో ఆగిపోవచ్చు. విసుక్కోకండి, మీరు వెళ్ళేది అలా కూర్చోవడానికే. దారిలో పదుల కొద్దీ సొరంగాలు వస్తాయి. పెట్టె చీకటి కాగానే పిల్లలందరూ ఒక్కసారిగా కేకలు పెడతారు, వెలుతురు రాగానే కిటికీలో లోయ ప్రత్యక్షమవుతుంది. కొండ ఎక్కేకొద్దీ గాలి చల్లబడుతుంది, ఆయన అక్కడే మీ భుజం మీద తల వాల్చి కునుకు తీసినా తీయనివ్వండి.

అరకులో ఒక రాత్రి ఒకే చోట ఉండండి. ఊరు 900 మీటర్లకు పైన ఎత్తులో ఉండడం వల్ల డిసెంబరులో చలి గట్టిగానే ఉంటుంది. గది తీసుకునేటప్పుడు తెల్లవారుజామున వేడినీళ్ళు వస్తాయా అని ఒకటికి రెండుసార్లు అడగండి. పసుపుపచ్చని వలిసె పూల చేల గట్టున ఒక పొద్దుటి నడక, అక్కడి కాఫీ, ఒక పూట బొంగు చికెన్, ఇవి చాలు. బొర్రా గుహల్లో మెట్లు చాలా ఉంటాయి, ఆయనకు ఓపిక లేకపోతే వదిలేయండి.

మసాజ్‌ను నేను చిన్నచూపు చూడడం లేదు. పండుగ పూట నువ్వుల నూనెతో తలంటి, సున్నిపిండితో నలుగు పెట్టే ఇళ్ళలో పెరిగినవాళ్ళం, ఒంటికి నూనె పట్టిన తరువాత వచ్చే నిద్ర ఎంత గాఢంగా ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. రాత్రి డ్యూటీల వారం ముగిసిన మరునాడు ఆయన్ను ఒక్కరినే గంటసేపు నగరంలోనే మసాజ్‌కు పంపండి, దానికి హోటల్ గది అవసరం లేదు. చేసేవారు శిక్షణ పొందినవారా అని కనుక్కోవాలి, భోజనం చేసిన వెంటనే చేయించుకోకూడదు, రక్తపోటు ఉంటే ముందే చెప్పాలి. నడుము నొప్పి కాలి కిందకు పాకుతూ ఉంటే మాత్రం మసాజ్ కంటే ముందు వైద్యుడికి చూపించాలి. అటువంటి నొప్పే ఉంటే అరకు మానుకుని, ఈసారికి భీమిలి వైపు సముద్రం కనిపించే గదిలో రెండు రోజులు గడపండి, అక్కడికైనా ఇంటి పనులు అంత తేలికగా వెంటరావు.

పెళ్ళిరోజు తేదీకే కట్టుబడకండి. డిసెంబరు శని, ఆదివారాల్లో అరకు దారి జనంతో కిక్కిరిసి ఉంటుంది. మీ వారి వారపు సెలవు వారం మధ్యలో పడేటట్లయితే మీరు ఒకటి రెండు రోజులు సెలవు పెట్టి అప్పుడే వెళ్ళండి. రాత్రి డ్యూటీ దిగిన ఉదయమే రైలెక్కించకుండా, ముందు ఒక రాత్రి ఇంట్లో పూర్తిగా నిద్రపోనివ్వండి. తిరిగి వచ్చిన రాత్రే మళ్ళీ డ్యూటీ పడకుండా ఆయన్ను ఇప్పుడే ఆఫీసులో మాట్లాడుకోమనండి. 2017లో మొదలైన అద్దాల విస్టాడోమ్ పెట్టెలో సీట్లు కావాలంటే చాలా ముందుగా రిజర్వు చేసుకోవాలి, కాబట్టి సెలవు ఖాయమైన రోజునే టికెట్లు తీసుకోండి.