మీరు అడిగారు: కవిత్వం రాయనివాళ్లకి రూపకంతో పనేంటి?

ప్రశ్న: 'ముఖం చంద్రుడిలా ఉంది' అంటే ఉపమ, 'ముఖచంద్రుడు' అంటే రూపకం అని స్కూల్లో చెప్పారు. అప్పుడూ బుర్రకెక్కలేదు, ఆ తర్వాత దాంతో పనీ పడలేదు. మామూలు మనిషికి ఈ గోలంతా ఎందుకండీ?

జవాబు: బుర్రకెక్కలేదని మీరే రాశారు, పాఠం ఎక్కడానికి బుర్రేమన్నా మేడా! అదీ రూపకమే, రోజూ వాడేదే, అలవాటైపోయి కనబడదంతే. కోపం సంగతే చూడండి. మండిపడతాం, భగ్గుమంటాం, లోలోపల ఉడికిపోతాం, కాసేపటికి చల్లబడతాం. విడివిడి మాటల్లా అనిపిస్తాయి గానీ అన్నిటి వెనకా కోపాన్ని వేడిగా చూడటమే ఉంది. అందుకే 'ఆయనకి ఇప్పుడే మూడో విజిల్ వచ్చింది, కాసేపు అటు వెళ్లకు' అని ఎవరైనా కొత్తగా అన్నా అర్థమేంటని ఎవరూ అడగరు. రూపకం మాటలో కంటే ముందు ఆలోచనలోనే ఉంటుందని భాషావేత్త జార్జ్ లేకాఫ్, తత్వవేత్త మార్క్ జాన్సన్ కలిసి 1980లో ఒక పుస్తకమే రాశారు.

ఇక అలంకారాల గురించి రాసిన మన ఆలంకారికులు చెప్పింది ఉపమేయానికీ (మనం చెబుతున్నది, అంటే ముఖం) ఉపమానానికీ (దేంతో పోలుస్తామో అది, అంటే చంద్రుడు) అభేదం, అంటే రెండూ ఒకటే అనడం. పరీక్ష కోసం చదివినప్పుడు పొడిగా ఉంటుంది గానీ అసలు కిటుకంతా అక్కడే ఉంది. 'లా' అన్నంతసేపూ రెండూ వేరని గుర్తుంటుంది, ఆ 'లా' తీసేస్తే తేడా మరిచిపోతాం, మరిచిపోయామని కూడా తెలీదు. క్యాన్సర్‌తో 'పోరాటం' అంటాం, ధైర్యం చెప్పడానికే అంటాం, కానీ పోరాటం అన్నాక గెలుపోటములు వచ్చి కూర్చుంటాయి కదా, మందు పనిచేయక మనిషి పోతే 'ఓడిపోయాడు' అని రాసేస్తారు, అంటే ఇంకాస్త గట్టిగా పోరాడాల్సింది అన్నట్టేగా! జబ్బుల మీద ఇలాంటి రూపకాలు రోగికే చేటు చేస్తాయని అమెరికన్ రచయిత్రి సుసాన్ సోంటాగ్ 1978లోనే గట్టిగా వాదించింది. నేనైతే రోగి తనంతట తాను ఆ మాట వాడుకుంటే సరే అంటాను, పక్కవాళ్లు అంటగట్టకూడదు.

ప్రశ్న: ఒకే వాక్యంలో రెండు మూడు రూపకాలు వాడితే తప్పా?

జవాబు: తప్పేం కాదు, కాకపోతే ఒకదాన్నొకటి తన్నుకోకూడదు. 'పథకానికి పునాది వేసి, నీళ్లు పోసి పెంచి, చివరికి పట్టాలెక్కించారు' చదవండి. విడిగా అయితే మూడూ అరిగిపోయిన మాటలే, ఎవరికీ బొమ్మ కనబడదు. పక్కపక్కన పెట్టేసరికి మూడు బొమ్మలూ ఒక్కసారే లేచి కూర్చుంటాయి, ఇల్లు మొక్కై, మొక్క రైలై, పాపం పథకమేంటో ఎవరికీ గుర్తుండదు. రాశాక ఒకసారి పైకి చదువుకోండి, నవ్వొస్తే ఒకటి ఉంచి రెండు తీసేయండి.