తాతగారి చిత్రికకు వందేళ్లు దాటితే విదేశానికి అమ్మవచ్చా?

ప్రశ్న: మా తాతగారు సికింద్రాబాద్ లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో వడ్రంగిగా చేసి 1958లో రిటైరయ్యారు. ఆయన పనిముట్ల పెట్టె మా నాన్నగారి తర్వాత నా దగ్గరకు వచ్చింది. అందులో స్టాన్లీ కంపెనీ ఇనప చిత్రికలు (చెక్కను నునుపు చేసే పనిముట్లు) రెండు, రికార్డ్ అనే పేరున్న నీలం రంగు చిత్రిక ఒకటి, కొయ్య చిత్రికలు మూడు, బాడిస, కొన్ని ఉలులు ఉన్నాయి. ఒక కొయ్య చిత్రిక మీద ఎన్.ఎస్.ఆర్. అని ఇంగ్లిషు అక్షరాలు గుద్ది ఉన్నాయి. వీటిమీద మక్కువతో ఎర్రగడ్డ ఆదివారం సంతలో నేనూ మరో పదిహేను దాకా కొన్నాను. ఇప్పుడు ఇంగ్లండులోని ఒక సేకర్త స్టాన్లీ చిత్రికలు రెండూ కొంటానని, కొరియర్‌లో పంపమని అడుగుతున్నారు. వందేళ్ల వస్తువు దేశం దాటిస్తే జైలేనని మా బావగారు అంటున్నారు. పాత ఇనుమును ఎవరు అడుగుతారని స్నేహితులు అంటున్నారు. ఇవి ఇంట్లో ఉంచుకోవడం కూడా తప్పా? మాకు ఒక మేనత్త ఉన్నారు. ఆమెకు ఇందులో వాటా ఉంటుందా?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: కొరియర్ వారికి పెట్టె అప్పగించక ముందే అడిగారు, మంచి పని చేశారు. మీ బావగారి భయానికి ఆధారం ఉంది. అయితే అది మీ పెట్టెలోని అన్ని వస్తువులకూ వర్తించదు. దేనికి వర్తిస్తుందో తేల్చాలంటే ముందు చట్టాన్ని, తర్వాత చిత్రికను విప్పి చూడాలి.

మీ విషయంలో ముఖ్యమైనది పురావస్తువులు, కళాఖండాల చట్టం, 1972. ఇది 1976 ఏప్రిల్ 5 నుంచి అమలులో ఉంది. పురావస్తువు అనగానే మనకు విగ్రహాలు, నాణేలు గుర్తుకొస్తాయి. చట్టంలోని నిర్వచనం అంతకంటే చాలా విశాలం. పనితనం చూపే వస్తువు, గతకాలపు చేతివృత్తులకు నిదర్శనంగా నిలిచే వస్తువు, చారిత్రక ఆసక్తి ఉన్న వస్తువు, ఇవన్నీ అందులోకి వస్తాయి. షరతు ఒక్కటే: అది పుట్టి కనీసం 100 ఏళ్లు అయి ఉండాలి. వడ్రంగి చిత్రిక చేతివృత్తికి నిదర్శనం కాదని వాదించడం కష్టం. ఫ్యాక్టరీలో లక్షల్లో తయారైన ఇనప పనిముట్టుకు చారిత్రక ఆసక్తి ఏముందని వాదించవచ్చు. ఆ వాదనలో బలం ఉందనే నా అభిప్రాయం. కానీ తీర్పు చెప్పేది మీరూ నేనూ కాదు. సందేహం వస్తే 24వ సెక్షన్ ప్రకారం భారత పురావస్తు సర్వేక్షణ శాఖ డైరెక్టర్ జనరల్ గానీ, ఆయన అధికారమిచ్చిన సీనియర్ అధికారి గానీ తేలుస్తారు. వారి నిర్ణయమే అంతిమం.

పురావస్తువు అని తేలితే ప్రైవేటు వ్యక్తి దాన్ని దేశం దాటించడానికి వీలే లేదు. మూడో సెక్షన్ ఆ హక్కును కేంద్ర ప్రభుత్వానికీ, అది అధికారమిచ్చిన సంస్థలకూ మాత్రమే ఇచ్చింది. ఫీజు కట్టి అనుమతి తెచ్చుకునే దారి మీకు లేదు. ఉల్లంఘిస్తే కనీసం 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, జరిమానా. ప్రయత్నించినా ఇదే శిక్ష, అంటే పెట్టె విమానం ఎక్కకముందే నేరం జరిగినట్లే. కస్టమ్స్ చట్టం కింద స్వాధీనం, జరిమానా వేరు. కొనేవారు ఎంత నచ్చజెప్పినా కొరియర్ ఫారం మీద ‘పాత ఇనుము’ అని రాయకండి. తర్వాత మీకు తెలియక జరిగిందని చెప్పుకొనే అవకాశాన్ని ఆ రెండు మాటలే తీసేస్తాయి.

కాబట్టి అంతా వయసు మీద ఆధారపడి ఉంది. ఈ జవాబు రాయడానికి ముందు మా వీధి చివరి వడ్రంగి దగ్గరున్న స్టాన్లీ ఐదో నంబరు చిత్రికను అడిగి తెచ్చుకుని, మేజా మీద పాత వార్తాపత్రిక పరిచి విప్పాను. పైన బిగించిన మూత, దాని కింద బ్లేడు తీసేశాక, బ్లేడు ఆనుకునే దిమ్మెకూ వెనక పిడికీ మధ్య అడుగు పలక మీద నూనె, పొట్టు కలిసి నల్లటి పెచ్చుగా గట్టిపడి ఉంది. కిరసనాయిలు తడిపిన గుడ్డతో నెమ్మదిగా తుడిస్తే పోత పోసిన అక్షరాలు ఒక్కొక్కటే తేలాయి. మూడు తేదీలు: 1902 మార్చి 25, 1902 ఆగస్టు 19, 1910 ఏప్రిల్ 19.

చాలామంది ఇక్కడే పొరబడతారు. అవి పేటెంట్లు మంజూరైన తేదీలు, చిత్రిక తయారైన తేదీలు కావు. లెనర్డ్ బెయిలీ పేటెంట్లను స్టాన్లీ కంపెనీ 1869లో కొన్నప్పటి నుంచి అమెరికాలోని కనెటికట్‌లో ఈ రకం చిత్రికలు దశాబ్దాల పాటు తయారయ్యాయి. పాత పేటెంటు తేదీ తర్వాతి ఏళ్ల పోతల్లోనూ కొనసాగేది. అయితే ఈ మూడు తేదీలూ కలిసి కనబడితే, ఆ రకాన్ని సేకర్తలు 1910కీ 1918కీ మధ్య తయారైనదిగా లెక్కిస్తారు. అంటే వందేళ్లు దాటింది. మీ రెండింటిలో దేనిమీదైనా ఈ మూడు తేదీలు ఉంటే దాన్ని విదేశానికి పంపే ఆలోచన వదులుకోండి.

బ్లేడు మీద హృదయాకారంలో ఎస్.డబ్ల్యూ. అనే గుర్తు ఉంటే చిక్కు ఇంకొంచెం పెద్దది. ఆ హృదయం స్టాన్లీ వర్క్స్ అధ్యక్షుడు విలియం హార్ట్ పేరుకు గుర్తు. సుమారు 1920 నుంచి 1930ల నడిమి దాకా దాన్ని వాడారు. వందేళ్ల గీత సరిగ్గా ఆ కాలం మధ్య నుంచి పోతోంది. పైగా బ్లేడు అరిగిపోతే వడ్రంగి కొత్తది వేసుకుంటాడు. బ్లేడు మీది గుర్తు బ్లేడు వయసును చెబుతుంది గానీ చిత్రిక వయసును చెప్పదు. అడుగు పలక, దిమ్మె, బ్లేడు మూడింటినీ విడివిడిగా చూడాలి. మూడూ ఒకే కాలానివైతేనే ఒక మాట ధైర్యంగా అనగలం.

రికార్డ్ చిత్రిక విషయం తేలిక. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఈ పేరుతో చిత్రికలు రావడం 1930ల ఆరంభంలో మొదలైంది. దానికి ఇంకా వందేళ్లు నిండలేదు. అలాంటిదాన్ని పంపాలనుకున్నా, ఇది పురావస్తువు కాదనే ధ్రువపత్రం భారత పురావస్తు సర్వేక్షణ శాఖ నుంచి ముందుగా తీసుకోండి. నిపుణుల కమిటీ వస్తువును చూసి ఇస్తుంది. హైదరాబాద్ సర్కిల్ కార్యాలయంలో దరఖాస్తు వివరాలు దొరుకుతాయి. రేపు విమానాశ్రయంలో ఎవరైనా ఆపితే చూపడానికి ఆ కాగితం ఉండాలి. కొయ్య చిత్రికలకు ఇలాంటి నిర్దిష్టమైన తేదీలు దొరకడం అరుదు. కాబట్టి అవి వందేళ్లలోపువని మీ అంతట మీరే తీర్మానించుకోకండి.

పిడి చెక్కను కూడా చూడండి. పాత స్టాన్లీ పిడులు బ్రెజిల్ రోజ్‌వుడ్‌తో చేసినవి. అంతరించే ప్రమాదమున్న జాతుల అంతర్జాతీయ ఒప్పందం 1992 నుంచి ఆ చెట్టును అత్యంత కఠినమైన మొదటి జాబితాలో ఉంచింది. వయసు అడ్డు లేకపోయినా ఈ చెక్క సరిహద్దు దగ్గర అడ్డు రావచ్చు. ఏ పనిముట్టు మీదనైనా ఏనుగు దంతం పొదిగి ఉంటే దేశంలో కూడా అమ్మవద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి ఒప్పుకోదు.

ఇంట్లో ఉంచుకోవడం తప్పు కాదు. పురావస్తువులన్నింటినీ రిజిస్టరు చేయించాలన్నది అపోహ. కేంద్రం నోటిఫై చేసిన రకాలకే, అంటే శిల్పాలు, వర్ణచిత్రాలు, బొమ్మలున్న రాతప్రతులు వంటివాటికే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వడ్రంగి పనిముట్లు ఆ జాబితాలో లేవు. దేశంలోపల ఒకటి రెండు అమ్ముకుంటే అది వ్యాపారం కాదు. కానీ సంతలో కొని, ఆన్‌లైన్‌లో లాభానికి వరసగా అమ్ముతూ పోతే, అందులో వందేళ్లు దాటినవి ఉంటే, ఐదో సెక్షన్ కింద లైసెన్సు లేని పురావస్తు వ్యాపారం అంటారు. దానికి 6 నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

ఇక ఎన్.ఎస్.ఆర్. అక్షరాలు. మీరు దీన్ని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లారు, నేను మాత్రం అక్కడ ఆగిపోయాను. అది నిజాం స్టేట్ రైల్వే ముద్ర కావచ్చు. 1930లో నిజాం ప్రభుత్వం రైల్వేను, అప్పటిదాకా నడిపిన నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ నుంచి తీసుకున్నాక ఆ పేరు వచ్చింది. 1950లో ఆ రైల్వే భారత ప్రభుత్వం చేతికి వెళ్లింది. అంటే ఆ ముద్ర దాదాపు ఇరవై ఏళ్ల కాలాన్ని చూపుతుంది. రైల్వే ఆస్తి అక్రమ స్వాధీన చట్టం, 1966 ప్రకారం దొంగిలించినదని సహేతుకంగా అనుమానించదగిన రైల్వే వస్తువు ఎవరి దగ్గర దొరికితే వారే అది సక్రమంగా వచ్చిందని రుజువు చేసుకోవాలి. మొదటి నేరానికే 5 ఏళ్ల దాకా శిక్ష పడవచ్చు.

కంగారు పడకండి. ముద్ర ఉన్నంత మాత్రాన అది నేటికీ రైల్వే ఆస్తి అయిపోదు. రైల్వేలు పనికిరాని సామాను వేలం వేయడం మామూలే. అలా అమ్మేసింది రైల్వేది కాదు. వస్తువు తమదేనని, అనుమానానికి ఆధారం ఉందని ముందు వారు చూపాలి. అయినా మీ వైపు కాగితం సిద్ధంగా ఉండాలి. తాతగారి సర్వీసు కాగితాలు, పెన్షన్ పుస్తకం, పాత రసీదులు వెతకండి. పెట్టె మూత లోపలి వైపు కూడా చూడండి. వడ్రంగులు తమ పేరును కొయ్య మీద గుద్దుకోవడం ఉంది. అదే చిత్రిక మీద ఆయన పేరు కూడా ఉంటే మీకు మంచి సాక్ష్యం. ఎవరైనా ముద్రను చెక్కేయమని సలహా ఇస్తే వినకండి. చెరిపిన ముద్ర కంటే పెద్ద అనుమానం మరొకటి ఉండదు. మెరుగు పెట్టించడానికి సాన చక్రం దగ్గరకు కూడా వీటిని తీసుకువెళ్లకండి. తేదీ, ముద్ర, పేరు పోయాక నేను ఏ ఆధారంతో వాదించాలి?

సంతలో కొన్నవాటికి ఒక నోటుపుస్తకం పెట్టండి. తేదీ, ధర, అమ్మినవారి ఫోను నంబరు, వస్తువు ఫోటో చాలు. దొంగసొమ్మును తెలియక కొంటే నేరం కాదు గానీ, అసలు యజమాని వచ్చి అడిగితే తిరిగి ఇవ్వాల్సిందే. అమ్మినవాడికి లేని హక్కు మీకు రాదు.

మేనత్తగారికి వాటా ఉంది. తాతగారు వీలునామా రాయకుండా పోతే, ఆయన సొంత వస్తువుల్లో కూతురికి కొడుకుతో సమానమైన హక్కు. పెట్టెను ఆమె ముందు తెరిచి, ఏది ఎవరికో అనుకుని, ఒక కాగితం మీద ఇద్దరూ సంతకం చేయండి. తాతగారు ఏ చిత్రికను ఎప్పుడు, ఎలా తెచ్చుకున్నారో ఆమెకు గుర్తుంటే అదీ రాయించుకోండి. రైల్వే ముద్ర విషయంలో మీకు దొరకగల ప్రత్యక్ష సాక్షి ఆమె ఒక్కరే కావచ్చు.

ఇంగ్లండు వారికి ఈరోజే జవాబు రాయండి: వయసు తేలేవరకు ఏదీ పంపలేను, అడ్వాన్సు పంపవద్దు. ఇప్పటికే డబ్బు వచ్చి ఉంటే వెంటనే తిప్పి పంపి, ఆ రసీదు దాచుకోండి.