ఆన్‌లైన్‌లో చదివిన మాస్టర్స్‌ను కంపెనీలు లెక్కలోకి తీసుకుంటాయా?

భర్తతో పాటు హెచ్-4 వీసాపై (ఇక్కడ ఉద్యోగ వీసా ఉన్నవారి భార్యకో భర్తకో ఇచ్చేది) అమెరికా వచ్చి రెండేళ్లయిన గుంటూరు అమ్మాయి ఒకరు ఈ మధ్య నన్ను ఒక సందేహం అడిగారు. బీటెక్ తరువాత హైదరాబాదులో మూడేళ్లు టెస్టింగ్ ఉద్యోగం చేసిన ఆమెకు ఇప్పుడు ఏడాదిన్నర పాప ఉంది కాబట్టి రోజూ క్యాంపస్‌కు వెళ్లి చదవడం కుదిరే పని కాదు. పోనీ ఇంట్లోనే ఉండి ఆన్‌లైన్‌లో ఎంఎస్ చేద్దామంటే, తెలిసినవాళ్లంతా "అది మన దగ్గర డిస్టెన్స్‌లో కట్టి పాసైన డిగ్రీ లాంటిదేనమ్మా, ఇక్కడ ఎవరూ పట్టించుకోరు" అని నిరుత్సాహపరుస్తున్నారట. ఇరవై రెండేళ్లుగా డాలస్ పరిసరాల్లో ఉంటూ, అందులో తొమ్మిదేళ్లుగా మా కంపెనీలో ఇంటర్వ్యూలు చేసే బృందంలో పనిచేస్తున్నాను కాబట్టి, నేను చూసినదాన్ని చూసినట్లు రాస్తున్నాను.

రెజ్యూమె మా చేతికి వచ్చినప్పుడు చదువు దగ్గర మేము చూసేది మూడే విషయాలు: విశ్వవిద్యాలయం పేరు, డిగ్రీ పేరు, పూర్తిచేసిన సంవత్సరం. ఉద్యోగం ఖాయమయ్యాక నేపథ్య తనిఖీ చేసే సంస్థ విశ్వవిద్యాలయం నుంచో, డిగ్రీల రికార్డులు ఉంచే నేషనల్ స్టూడెంట్ క్లియరింగ్‌హౌస్ నుంచో నిర్ధారించుకునేది కూడా ముఖ్యంగా ఈ వివరాలనే. జార్జియా టెక్ అనే పేరున్న విశ్వవిద్యాలయం 2014 జనవరిలో కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్‌ను పూర్తిగా ఆన్‌లైన్‌లో మొదలుపెట్టినప్పుడు, మొత్తం చదువుకు ఫీజు సుమారు 7,000 డాలర్లేనని తెలిసి, మా ఆఫీసులో చాలామంది దాన్ని తేలికగానే తీసుకున్నారు. అయితే ఆ డిగ్రీ పట్టా మీద ఆన్‌లైన్ అన్న మాట ఉండదు. క్యాంపస్‌లో చదివినవారికీ ఇంట్లో కూర్చుని చదివినవారికీ ఒకే పట్టా ఇస్తారు. ప్రవేశం దొరకడం కొంత సులువే గాని, మొదటి ఏడాదిలోపు రెండు ముఖ్యమైన కోర్సుల్లో కనీసం బీ గ్రేడు తెచ్చుకోకపోతే ముందుకు సాగనివ్వరు. టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆస్టిన్‌లో సుమారు 10,000 డాలర్లకు ఇలాంటి మాస్టర్స్‌నే ఇస్తోంది. ఇలినాయ్ విశ్వవిద్యాలయమైతే 2016లో ఆన్‌లైన్ ఎంబీఏ ప్రారంభించి, క్యాంపస్‌లోని పూర్తికాలపు ఎంబీఏనే ఆపేస్తున్నట్లు 2019లో ప్రకటించింది. ఇక 2020లో కరోనా వచ్చి ప్రతి విద్యార్థీ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చదవవలసి వచ్చాక, ఫలానావారు ఎక్కడ కూర్చుని చదివారని అడిగేవారు మా పరిశ్రమలో బాగా తగ్గిపోయారు.

మనవాళ్ల భయానికి మూలం మన ఊళ్లలోనే ఉంది. 1982లో స్థాపించిన మన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. పగలు కూలికో ఉద్యోగానికో వెళ్లి ఆదివారం తరగతులకు హాజరై డిగ్రీ తెచ్చుకున్నవారిని నేనెరుగుదును, ఆ చదువును చిన్నచూపు చూడడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం. యూజీసీ కూడా, గుర్తింపు పొందిన సంస్థలు దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ ఇచ్చే డిగ్రీలు మామూలు డిగ్రీలతో సమానమేనని 2022లో స్పష్టంగా చెప్పింది. అయితే ఇంజినీరింగ్‌ను కరస్పాండెన్స్ పద్ధతిలో బోధించడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2017లో తీర్పు ఇచ్చింది. ఆ రెండింటినీ మనవాళ్లు కలిపేసి, దూరం నుంచి చదివినదంతా పనికిరాదన్న అభిప్రాయాన్ని విమానంలో ఇక్కడిదాకా మోసుకొచ్చారు.

కంపెనీలు నిజంగా జంకేది సంస్థ పేరు చూసి. ఎన్నడూ వినని పేరు కనబడితే ఎవరో ఒకరు వెంటనే దాని అక్రెడిటేషన్, అంటే చదువు ప్రమాణాలకు దక్కిన గుర్తింపు, ఉందో లేదో వెతుకుతారు. ఫీజు కట్టకముందే మీరు కూడా ఆ పని చేయండి. అమెరికా విద్యాశాఖ వెబ్‌సైట్లోనూ, కౌన్సిల్ ఫర్ హయ్యర్ ఎడ్యుకేషన్ అక్రెడిటేషన్ వెబ్‌సైట్లోనూ పేరు కొట్టి చూడడానికి ఐదు నిమిషాలు పట్టదు. అక్రెడిటేషన్ ఉన్నంత మాత్రాన సరిపోదు, లాభం కోసం నడిపే సంస్థా కాదా అన్నది కూడా చూసుకోవాలి, ఎందుకంటే అమెరికా మాస్టర్స్ ఉన్నవారికి హెచ్-1బీ ఉద్యోగ వీసాల్లో విడిగా కేటాయించిన 20,000 వీసాల లెక్కలోకి ప్రభుత్వ లేదా లాభాపేక్ష లేని సంస్థల డిగ్రీలే వస్తాయి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయంపై, విద్యార్థి వీసాల మోసం జరుగుతోందని అధికారులు దాడులు చేసినప్పుడు, ఎక్కడెక్కడో ఉద్యోగాలు చేసుకుంటున్న వందలమంది విద్యార్థులు రికార్డుల్లో ఒకే అపార్ట్‌మెంటు చిరునామాలో ఉన్నట్లు బయటపడింది. వారిలో ఎందరో మన తెలుగు పిల్లలు, కొందరి కాళ్లకు రేడియో కాలర్లు తగిలించారు. ఆ వారమంతా ఇక్కడి మన ఇళ్లలో మరో మాట లేదు. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అయితే ఆన్‌లైన్ చదువులో లోటే లేదని నేను అనను. క్యాంపస్‌లో చదివే పిల్లలకు కెరీర్ ఫెయిర్లో కంపెనీవాళ్లు ఎదురుగా దొరుకుతారు, వేసవిలో ఇంటర్న్‌షిప్ ఉంటుంది, ప్రొఫెసర్ దగ్గర పనిచేసిన అనుభవం ఉంటుంది. ఇంటినుంచి చదివేవారికి ఇవేవీ తమంతట తాముగా రావు, కష్టపడి సంపాదించుకోవాలి. మూడేళ్ల క్రితం ఖమ్మం నుంచి వచ్చిన ఒకావిడ మా దగ్గరికి ఇంటర్వ్యూకి వచ్చారు. ఆరేళ్లు ఉద్యోగానికి దూరమై, ఇద్దరు పిల్లలను పెంచుతూ, జార్జియా టెక్‌లో ఆన్‌లైన్ మాస్టర్స్ పూర్తిచేశారు. ఆపరేటింగ్ సిస్టమ్స్ కోర్సులో తాను రాసిన మల్టీథ్రెడెడ్ ఫైల్ సర్వర్ (ఒకేసారి చాలామందికి ఫైళ్లు అందించే ప్రోగ్రాం) ఎలా పనిచేస్తుందో చెప్పమంటే, లేచి బోర్డు దగ్గరకు వెళ్లి, పనుల క్యూ గీసి, వాటిని పక్కపక్కనే చేసే థ్రెడ్లు గీసి, అవి ఒకదానికొకటి అడ్డుపడకుండా ఆపే లాక్ ఎక్కడ పడుతుందో చూపించారు. క్యూలో పని మిగిలుండగానే థ్రెడ్లు ఆగిపోతే ఏమవుతుందని నేను అడిగితే, "ఆ తప్పే నేనూ చేశానండీ, పట్టుకోవడానికి రెండు రాత్రులు పట్టింది" అని, సరిచేసిన తీరు కూడా రాసి చూపించారు. అది విన్నాక మా నలుగురిలో ఎవరికీ డిగ్రీ ఎక్కడిదన్న ప్రశ్నే రాలేదు, ఆరేళ్ల విరామం గురించి కూడా ఎవరూ అడగలేదు.

ఇండియాలో ఉండి ఇక్కడికి రావాలనుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మాత్రం నా జవాబు వేరు. పూర్తిగా ఆన్‌లైన్ కోర్సుకు ఎఫ్-1 విద్యార్థి వీసా ఇవ్వరు. ఎఫ్-1 మీద వచ్చినవారికి కూడా ఒక సెమిస్టరులో మూడు క్రెడిట్ల ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే పూర్తికాలపు చదువు లెక్కలోకి వస్తుంది. ఆ వీసా లేకపోతే చదువుతుండగా పనిచేయనిచ్చే సీపీటీ లేదు, చదువయ్యాక పనిచేయనిచ్చే ఓపీటీ లేదు. డిగ్రీ ఎంత గొప్పదైనా ఇక్కడ పనిచేసే అనుమతి దానితో రాదు. అదే హెచ్-1బీ మీద ఉన్నవారికైతే ఇంతకంటే అనుకూలమైన దారి లేదు. ఉద్యోగుల చదువుకు సాయం చేసే కంపెనీలు ఏడాదికి 5,250 డాలర్ల వరకు పన్ను లేకుండా ఇవ్వవచ్చు కాబట్టి, ముందు మీ హెచ్ఆర్‌ను అడగండి. నర్సింగ్, టీచింగ్ వంటి లైసెన్సు ఉండే వృత్తుల్లో కంపెనీ అభిప్రాయం కన్నా మీ రాష్ట్రపు బోర్డు నిబంధన ముఖ్యం.

గుంటూరు అమ్మాయికి చివరగా చెప్పేదేమిటంటే, అమ్మా, హెచ్-4 మీద చదువుకోవడానికి మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, పనిచేయడానికి మాత్రం ఈఏడీ అనే పని అనుమతి కార్డు కావాలి, అది సాధారణంగా మీవారి గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే ఐ-140 దరఖాస్తు ఆమోదం పొందాకే వస్తుంది. కాబట్టి ఈ వారమే ఆయన కంపెనీ లాయరు దగ్గర ఆ కాగితం ఎంతవరకు వచ్చిందో కనుక్కోండి. మొదటి సెమిస్టరులో ఒక్క కోర్సే తీసుకోండి, పాప నిద్రపోయే రెండు గంటలు దానికి ఎలా సరిపోతాయో చూసుకుని రెండోది చేర్చుకోవచ్చు. రెజ్యూమెలో విశ్వవిద్యాలయం పేరు పక్కన ఆన్‌లైన్ అని రాయవలసిన పని లేదు. ఎవరైనా అడిగితే మాత్రం ఒక్క క్షణం కూడా తడుముకోకుండా, ఇంట్లో పాపను చూసుకుంటూ ఆన్‌లైన్‌లోనే చదివానని చెప్పండి.