పియాజే దశలు కలిసిపోతున్నాయా? పుస్తకం కాసేపు పక్కన పెట్టండి

ప్రశ్న: నా వయసు 31. బీఈడీ చేశాను. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఉంటాం. టెట్‌లో అర్హత వచ్చింది కానీ, శిశు వికాసం విభాగంలో ప్రతిసారీ మార్కులు పోతున్నాయి. పియాజే, ఎరిక్‌సన్, కోల్‌బర్గ్‌ల దశలు ఎంత చదివినా వయసులు, పేర్లు ఒకదానితో ఒకటి కలిసిపోతున్నాయి. అయినా నాకు ఇష్టమైన సబ్జెక్టు అదే. బాబుకు నాలుగేళ్లు, పాపకు ఎనిమిది. అత్తగారు ఇప్పటికీ ఖద్దరు నూలు వడుకుతారు. సైకాలజీలో పీజీ చేయాలని ఉంది. ఈ వయసులో మొదలుపెడితే ఆలస్యమైనట్టేనా?

జవాబు: మీ జ్ఞాపకశక్తికి ఏ లోపమూ లేదమ్మా. గైడ్లలో ఈ సిద్ధాంతాలన్నీ ఒకే పట్టికలో ఉంటాయి: ఎడమవైపు వయసు, కుడివైపు దశ పేరు. అలా చదివితే ఎవరికైనా కలిసిపోతాయి. నిజానికి ఒక్కొక్కరు వెతికిన ప్రశ్న వేరు. ఆ ప్రశ్న పట్టుబడితే పట్టిక దానంతటదే గుర్తుంటుంది.

పియాజేతో మొదలుపెడదాం. స్విట్జర్లాండ్‌కు చెందిన ఈ జీవశాస్త్రవేత్త యువకుడిగా ఉన్నప్పుడు పారిస్‌లో పిల్లల తెలివితేటల పరీక్షలపై పనిచేశారు. సరైన జవాబులు లెక్కపెట్టడం అక్కడి పని. ఆయన మనసు మాత్రం తప్పుల మీదికి పోయింది. ఒకే వయసు పిల్లలు ఒకే రకంగా ఎందుకు తప్పు చెబుతున్నారు? ఆయన సిద్ధాంతమంతా ఈ ప్రశ్న నుంచే పుట్టింది. చిన్నపిల్లల ఆలోచన పెద్దల ఆలోచనకు తక్కువ మోతాదు రూపం కాదని, దాని తీరే వేరని ఆయన చూపించారు.

ఈ సాయంత్రం ఒక పని చేయండి. ఒకే కొలత ఉన్న రెండు గాజు గ్లాసుల్లో సమానంగా మజ్జిగ పోసి, రెండూ సమానమేనని బాబు చేత ఒప్పించండి. వాడు చూస్తుండగానే ఒక గ్లాసులోది వెడల్పాటి గిన్నెలో పోసి, ‘ఇప్పుడు ఎందులో ఎక్కువ ఉంది?’ అని అడగండి. చాలావరకు గ్లాసునే చూపిస్తాడు, అందులో మట్టం పైకి కనిపిస్తుంది కనుక. పాపను విడిగా పిలిచి ఇదే అడగండి. ‘రెండూ ఒకటే’ అంటే అక్కడితో ఆపకుండా ఎందుకో చెప్పమనండి. ‘మళ్లీ గ్లాసులో పోస్తే అంతే వస్తుంది కదా’ అందనుకోండి, మీ పుస్తకంలోని విపర్యయాత్మక భావన అదే. బాబుకు ఇంకా రానిది పదిలపరచుకునే భావన, అంటే పాత్ర మారినా పరిమాణం మారదని తెలియడం. 2 నుంచి 7 ఏళ్ల వరకు పూర్వ ప్రచాలక దశ, 7 నుంచి 11 వరకు మూర్త ప్రచాలక దశ. ఇద్దరు పిల్లల ముఖాలు గుర్తున్నంత కాలం ఈ రెండూ తారుమారు కావు.

బాబు తప్పు చెప్పాడని దిద్దకండి. పక్కింటి పిల్లవాడితో పోల్చడం అసలే వద్దు. ఆ వయసులు ఉజ్జాయింపు మాత్రమే. ప్రశ్న అడిగే తీరు సులువు చేస్తే పిల్లలు పియాజే అనుకున్నదానికంటే ముందే కొన్ని పనులు చేయగలరని తర్వాతి పరిశోధకులు చూపించారు.

మనోవైజ్ఞానికుడు వైగాట్‌స్కీ కూడా పియాజే పుట్టిన 1896లోనే, నాటి రష్యా సామ్రాజ్యంలో పుట్టారు. క్షయతో 37 ఏళ్లకే కన్నుమూశారు. పిల్లలు ఒంటరిగా చేయగలిగేదానికీ, తెలిసినవారు తోడుంటే చేయగలిగేదానికీ మధ్య ఎంత దూరముందని ఆయన అడిగారు. ఆ దూరమే సామీప్య వికాస మండలం. అప్పు తెచ్చుకునే తీసివేత దగ్గర మీ పాప ఆగిపోతే, లెక్క మీరు చేసి పెట్టకుండా ‘పదుల స్థానంలో ఏముంది?’ అని ఒక్క మాట అందించి చూడండి. పరీక్షలో పొరపడే విషయం ఒకటి ఉంది. ఇలా అవసరమైనంత ఆసరా ఇవ్వడాన్ని ‘స్కఫోల్డింగ్’ అంటారు, కానీ అది వైగాట్‌స్కీ మాట కాదు. 1976లో వుడ్, బ్రూనర్, రాస్ ఒక వ్యాసంలో దానిని వాడారు.

మంచిచెడుల గురించిన ఆలోచన ఎలా ఎదుగుతుందో వెతికిన కోల్‌బర్గ్ విషయంలో ఒక్కటి పట్టుకుంటే చాలు. జబ్బుపడిన భార్య కోసం భర్త మందు దొంగిలించవచ్చా అన్నది ఆయన కథ. అవునన్నారా, కాదన్నారా అన్నదానిని బట్టి స్థాయి తేలదు, చెప్పిన కారణాన్ని బట్టి తేలుతుంది. మొదటి పరిశోధనలో ఆయన మగపిల్లలనే తీసుకున్నారు. దీనిపై కరోల్ గిలిగన్ 1982లో తెచ్చిన విమర్శ కూడా చదవండి.

ఇక ఎరిక్‌సన్. నాకు అందరికంటే ఇష్టమైన మనిషి. అంతకుముందు చాలామంది వికాసమంటే బాల్యం, కౌమారం అనే అనుకున్నారు. ఎరిక్‌సన్ 1950లో దానిని ముసలితనం దాకా తీసుకువెళ్లారు. ఆయన చెప్పిన ఎనిమిది దశల్లో నాలుగు మీ ఇంట్లోనే ఉన్నాయి. అన్నీ తానే చేస్తానని మారాం చేసే బాబుది చొరవ, అపరాధ భావనల మధ్య పెనుగులాట. పాపది శ్రమశీలత, న్యూనతల మధ్య. మీది సాన్నిహిత్యం, ఏకాంతం. వెనక్కి తిరిగి చూసుకునే వయసు వచ్చిన మీ అత్తగారిది సమగ్రత, నిరాశ. మిగతా నాలుగింటికీ చుట్టాల్లో ఒక్కొక్కరిని ఎంచుకుని పుస్తకం అంచున వాళ్ల పేరు రాసుకోండి. ఏ దశలోనైనా మంచివైపు పూర్తిగా గెలవాలని ఆయన అనలేదు. కొంత అపనమ్మకం, కొంత సందేహం కూడా మనిషికి కావాలి. ఖద్దరు ఊరి కోడలు కాబట్టి ఇదీ చెప్పాలి. గాంధీజీ నడివయసులో, 1918లో, అహ్మదాబాద్ మిల్లు కార్మికుల సమ్మెకు నాయకత్వం వహించిన ఘట్టాన్ని తీసుకుని ఎరిక్‌సన్ ఒక పెద్ద గ్రంథమే రాశారు. దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. హార్వర్డ్‌లో పాఠాలు చెప్పిన ఆయనకు డిగ్రీ పట్టా లేదు.

మీ చివరి ప్రశ్నకు జవాబు మీ అత్తగారి రాట్నం దగ్గర దొరుకుతుంది. వికాసం ఏ వయసులోనూ ఆగదని, ప్రతి వయసులోనూ కొంత రాక, కొంత పోక కలిసే ఉంటాయని జర్మన్ మనోవైజ్ఞానికుడు పాల్ బాల్టెస్ చెప్పారు. శక్తి తగ్గినప్పుడు మనిషి మూడు పనులు చేస్తాడు: కొన్నింటినే ఎంచుకోవడం, వాటిలో సాధన పెంచడం, పోయినదానికి బదులు వెతుక్కోవడం. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి దువ్వడం దగ్గర నుంచి ఏకులు చేసి నూలు వడికే దాకా ఎన్ని పనులుంటాయో మీకు తెలుసు. ఆమె ఇప్పుడు వాటిలో ఏవి వదిలేశారు, ఏవి తానే చేస్తున్నారు, ఏ వెలుతురులో కూర్చుంటున్నారు? పక్కన కూర్చుని అడగండి. ఇది పీజీలో మీ మొదటి కేస్ స్టడీ కావచ్చు.

కెరీర్ గురించి డొనాల్డ్ సూపర్ చెప్పిందీ ఇదే దారి. అన్వేషణ యవ్వనంతో ముగిసిపోదు, పని మారినప్పుడల్లా మనిషి మళ్లీ ఆ దశకు వస్తాడు. కాబట్టి 31 ఆలస్యం కాదు. అయితే మనిషి తన దారిని తానే వెతికి ఎంచుకున్నాడా అని చూసిన మనోవైజ్ఞానికుడు జేమ్స్ మార్షియా దృష్టితో మిమ్మల్ని ఒకటి అడుగుతాను. బీఈడీ మీరు ఎంచుకున్నదా, ఇంట్లోవాళ్లు నిర్ణయించినదా? ఇప్పుడు సైకాలజీ మీద ఇష్టం నిజమైన వెతుకులాటేనా, టెట్ అలసట నుంచి పక్కకు తప్పుకోవడమా? జవాబు కాగితం మీద రాసుకోండి, నాకు పంపనక్కర్లేదు.

ఇక దారుల మాట. టెట్‌ను వదలవద్దు. 150 మార్కుల్లో ఈ విభాగానికి 30 ఉన్నాయి, డీఎస్సీలో టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉంది. పీజీ చేయాలంటే విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైకాలజీ విభాగం ఉంది. అర్హతలు ఆ ఏడాది ప్రకటనలో చూసుకోండి. పొందూరు నుంచి రోజూ రాకపోకలు కష్టం, పిల్లలను ఎవరు చూసుకుంటారో ముందే మాట్లాడుకోవాలి. దూరవిద్యలో చేద్దామనుకుంటే, 2025 జులై-ఆగస్టు విడత నుంచి సైకాలజీని ఆ పద్ధతిలో నడపవద్దని యూజీసీ ఆదేశించింది. కొత్త ప్రవేశమంటూ ఎవరైనా ఫీజు అడిగితే కట్టకండి.

మామూలు సైకాలజీ ఎంఏతోనే క్లినికల్ సైకాలజిస్ట్ అనిపించుకోలేరు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన కోర్సు చేసి, అక్కడ నమోదు కావాలి. అది మరికొన్నేళ్ల పని. బడిపిల్లల మధ్యే ఉండాలనుకుంటే మీ బీఈడీ నేరుగా పనికొస్తుంది. ఎన్‌సీఈఆర్‌టీ ఏడాది పాటు నడిపే గైడెన్స్, కౌన్సెలింగ్ డిప్లొమా ఉంది. మీ రాష్ట్రంవారికి ఏ కేంద్రమో, అర్హతలేమిటో ఆ ఏడాది ప్రకటనలో చూసుకోండి. నన్నడిగితే ముందు టెట్ మార్కులు పెంచుకుని, ఆ తర్వాత ఈ డిప్లొమాకు దరఖాస్తు చేయండి. అప్పటికీ మనసు నిలిస్తే పీజీకి వెళ్లండి.