హమాలీల నవల రాసిన తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

ఆశీస్సులు. నీ ఉత్తరమూ, దానితో పంపిన రాతప్రతీ అందాయి. గుంటూరు మిర్చియార్డు హమాలీల జీవితం మీద నువ్వు రాసిన నవలను చివరిదాకా చదివాను. తెల్లవారకముందే లారీల మీంచి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు దించే అధ్యాయమూ, కోల్డ్ స్టోరేజీ చలిలోంచి మే నెల ఎండలోకి వచ్చిన మనిషికి ఒళ్లు ఎలా స్వాధీనం తప్పుతుందో చెప్పిన పేజీలూ నాకు చాలా రోజులు గుర్తుంటాయి. ఈ నవల అచ్చు కావాలన్న విషయంలో నాకు సందేహం లేదు. నువ్వు అడిగింది వేరు. ఇద్దరు ప్రచురణకర్తలు నెలలు గడిచినా జవాబివ్వలేదనీ, మూడో ఆయన ఖర్చంతా నువ్వే పెట్టుకుంటే వేస్తానన్నాడనీ, ఏం చేయాలో పాలుపోవడం లేదనీ రాశావు. ఆ సంగతే కాస్త వివరంగా రాస్తాను.

మా ముందుతరం నవలాకారుల్లో చాలామందికి పుస్తకం కంటే ముందే పాఠకులు దొరికారు. వారపత్రికలో సీరియల్ నడిచేది, చదివినవారు ఉత్తరాలు రాసేవారు, అది ముగిసేలోపే ప్రచురణకర్త నుంచి కబురు వచ్చేది, అద్దె పుస్తకాల దుకాణాలవాళ్లే మొదటి ముద్రణలో పెద్ద భాగం కొనేసేవారు. 1978లో మొదలైన చతుర మాసపత్రిక నెలకో నవల చొప్పున ఇళ్లకు చేర్చింది. ఇప్పుడు ఆ వారపత్రికల్లో చాలా భాగం లేవు, చతుర లేదు, అద్దె దుకాణాలు టీవీ వచ్చాక ఒక్కొక్కటే మూతపడ్డాయి. ముక్కూమొహం తెలియని రచయితను పాఠకుడికి పరిచయం చేసే పని ఒకప్పుడు పత్రికది. ఆ బాధ్యత ఇప్పుడు చిన్న ప్రచురణకర్త మీదా, నీ మీదా పడింది. అందువల్ల నీకు కావలసింది నవలను అచ్చువేసే మనిషి మాత్రమే కాదు, ఆ బాధ్యతను నీతో పంచుకునే మనిషి.

అలాంటివారిని గుర్తించడానికి నేను చూసే ఆనవాలు ఒకటుంది. వాళ్లు నాలుగైదేళ్ల కింద వేసిన పుస్తకం ఇవాళ అడిగితే దొరుకుతుందా? ఆవిష్కరణ సభ ఘనంగా జరిపి, ఆరు నెలల తర్వాత ఆ పుస్తకం పేరే మరిచిపోయే సంస్థ కంటే, ఏటా నాలుగు పుస్తకాలే వేసి పాతవాటిని కూడా ప్రతి పుస్తక ప్రదర్శనకూ మోసుకొచ్చే సంస్థ నీకు మేలు. నీ నవలను పంపబోయే ముందు వాళ్లు వేసినవాటిలో రెండు మూడు కొని చదువు. కథాంశాన్ని ఒక పేజీలో చెప్పి, మొదటి మూడు అధ్యాయాలు జతచేసి, ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకునే అక్షరాల పద్ధతి అయిన యూనికోడ్‌లో పంపు. మూడు నెలలు ఆగి ఒకసారి మర్యాదగా గుర్తుచెయ్యి. జవాబు రాకపోవడాన్ని తిరస్కారంగా తీసుకోవద్దు. చిన్న ప్రచురణ సంస్థ అంటే చాలా సందర్భాల్లో ఒకే మనిషి. రాతప్రతులు చదివేదీ, ప్రెస్సుకు వెళ్లేదీ, పార్సిళ్లు కట్టేదీ, బాకీలు వసూలు చేసుకునేదీ ఆ ఒక్కరే, అదీ ఉద్యోగం చేసుకుంటూ మిగిలిన వేళల్లో.

ఆ మనిషి లెక్క కూడా నీకు తెలియాలి. నీ నవల డెమీ సైజులో 15 ఫారాలు, అంటే 240 పేజీలు వస్తుంది. వెల 250 రూపాయలు పెట్టి 500 కాపీలు వేశారనుకుందాం. దుకాణాలకూ పంపిణీదారులకూ 40 శాతం ఇస్తే 100 రూపాయలు అక్కడే పోతాయి. నీకు పది శాతం రాయల్టీ ఇస్తే 25 రూపాయలు. కాగితం, ముద్రణ, బైండింగుకు ప్రతికి 100 రూపాయలు పడ్డాయనుకుంటే మిగిలేది 25. డీటీపీ (కంప్యూటర్లో పేజీలు కట్టడం), ప్రూఫులు (అచ్చుకు ముందు తప్పులు దిద్దే పేజీలు), ముఖచిత్రం, రవాణా అన్నీ అందులోంచే రావాలి, అదీ అన్ని ప్రతులూ అమ్ముడై, దుకాణాలవాళ్లు డబ్బు సకాలంలో పంపితేనే. ఈ లెక్క తెలిస్తే, పేరున్న రచయితకే మొగ్గు చూపే ప్రచురణకర్త మీద నీకు కోపం రాదు. పాఠకుడు నేరుగా కొన్న ఒక్క ప్రతి, దుకాణంలో అమ్మిన రెండు ప్రతుల కంటే ఎందుకు విలువైనదో కూడా అర్థమవుతుంది.

ఇక ఖర్చు పెట్టుకోమన్న ఆయన సంగతి. సొంత డబ్బుతో పుస్తకం వేసుకోవడం తెలుగులో నామోషీ కాదు, మంచి పుస్తకాలెన్నో అలాగే వచ్చాయి. అయితే డబ్బు నీదైతే పుస్తకమూ నీదే కావాలి. హక్కులు నీ పేరనే ఉండాలి, ప్రతులన్నీ నీ ఇంటికి రావాలి, ప్రెస్సు బిల్లు నీ కళ్ల ముందుండాలి. డబ్బు నువ్వు పెట్టి, 50 ప్రతులు నీ చేతికిచ్చి, మిగిలినవి ఎన్ని వేశారో ఎక్కడున్నాయో తెలియని ఏర్పాటుకు ఒప్పుకోవద్దు. ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య) ఇప్పిస్తానని విడిగా సొమ్ము అడిగేవారుంటారు. మన దేశంలో ఆ నంబరును రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది, సొంతంగా ప్రచురించుకునే రచయిత కూడా దరఖాస్తు చేసుకోవచ్చు.

ఒప్పందం తప్పకుండా కాగితం మీద ఉండాలి. స్నేహం మీద, నమ్మకం మీద అని మనవాళ్లు మొహమాటపడతారు. మొహమాటం వల్ల చెడిన స్నేహాలను నేను చాలా చూశాను. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలవ్యవధి రాయకపోతే ఐదేళ్లుగానూ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ చట్టం భావిస్తుంది. హక్కు తీసుకున్నవారు ఏడాదిలోగా దాన్ని వినియోగించకపోతే, ఒప్పందంలో వేరే మాట లేనప్పుడు, ఆ హక్కు రద్దయిపోతుంది. కాబట్టి ముద్రణ హక్కును మాత్రమే, ఇన్నేళ్లకని రాసి ఇవ్వు. అనువాదం, ఆడియో, సినిమా, ఈ-బుక్ హక్కులను విడిగా నీ దగ్గరే ఉంచుకో. నీ కాపీరైట్ నీ జీవితకాలంతో పాటు ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. అంత ఆస్తిని ఒక్క సంతకంతో వదులుకోవలసిన అవసరం ఏ కొత్త రచయితకూ లేదు.

ప్రూఫుల గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, ఎందుకంటే మన పుస్తకాలు ఎక్కువగా పరువు పోగొట్టుకునేది అక్కడే. నువ్వు యూనికోడ్‌లో ఇచ్చిన నవలను చాలాచోట్ల ఇప్పటికీ పాత పద్ధతి అక్షరాలైన అను ఫాంట్లలోకి మార్చి పేజీలు కడతారు. ఆ మార్పిడిలో ఒత్తులు చెదురుతాయి, పొల్లు పోతుంది. నీ నవల్లో ప్రతి పేజీలోనూ వచ్చే ‘మార్కెట్‌యార్డు’ అన్నది ‘మార్కెట్యార్డు’గా మారిపోవచ్చు. కంప్యూటర్ తెర మీద ఇవి కంటికి ఆనవు. కాగితం మీద ప్రింటు తీయించి, ఒకరు రాతప్రతిని పైకి చదువుతుంటే మరొకరు ప్రూఫు చూడాలి. అంతకంటే పెద్ద ప్రమాదం మరొకటుంది. నీ హమాలీల మాట తీరును తప్పుగా భావించి, శ్రద్ధగల ప్రూఫ్ రీడరే దాన్ని పాఠ్యపుస్తకాల భాషలోకి దిద్దేయవచ్చు. తాలు (నాసిరకం మిర్చి), టిక్కీ వంటి యార్డు మాటలనూ, నీ పాత్రలు క్రియలను పలికే తీరునూ ఒక కాగితం మీద రాసి, ‘ఇవి ఇలాగే ఉండాలి’ అని ముందే వారికి ఇవ్వు. ముఖచిత్రం విషయంలో ప్రచురణకర్త మాట విను, అక్షరం విషయంలో నీ మాట చెల్లించుకో.

పుస్తకం వచ్చాక నీ మొదటి పాఠకులు హైదరాబాదు సభల్లో ఉన్నారని అనుకోవద్దు. వాళ్లు యార్డులోనే ఉన్నారు. వేసవిలో యార్డుకు సెలవులిచ్చే రోజుల్లో హమాలీల యూనియన్ ఆఫీసులో కూర్చుని ఒక అధ్యాయం చదివి వినిపించు. చదువు రానివారు వింటారు, డిగ్రీ చదువుతున్న వాళ్ల పిల్లలు పుస్తకం అడిగి తీసుకుంటారు. తమ తండ్రి పని గురించి పుస్తకం వచ్చిందని తెలిసిన పిల్లవాడు చేసే ప్రచారం ఏ సమీక్షా చేయలేదు. ఆ తర్వాత జనవరిలో విజయవాడ, డిసెంబరులో హైదరాబాదు పుస్తక ప్రదర్శనలు. అక్కడ ఆవిష్కరణ వేదిక మీద కూర్చున్న గంట కంటే స్టాలులో నిలబడిన సాయంత్రాలు నీకు ఎక్కువ నేర్పుతాయి. పుస్తకం చేతిలోకి తీసుకున్న మనిషి మొదట వెనక అట్ట చూస్తాడు, తర్వాత మధ్యలో ఏదో పేజీ తెరిచి నాలుగు వాక్యాలు చదువుతాడు. ఆ నాలుగు వాక్యాలు ఏ పేజీలోనైనా పట్టు విడవకుండా ఉండాలని అక్కడ నిలబడితే గట్టిగా తెలుస్తుంది, రెండో నవల రాసేటప్పుడు అది పనికొస్తుంది.

దూరపు పాఠకులకు తపాలాయే దిక్కు. పుస్తకాలను తక్కువ ఖర్చుతో పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్టును తపాలా శాఖ 2024 డిసెంబరులో ఆపేయడం చిన్న ప్రచురణకర్తలను బాగా దెబ్బతీసింది. 2025 మేలో పుస్తకాల కోసం తపాలా శాఖ తెచ్చిన జ్ఞాన్ పోస్టులో 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు 100 రూపాయలు, పైన పన్ను. 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల) కాగితం మీద 240 పేజీల డెమీ పుస్తకం దాదాపు 275 గ్రాములు తూగుతుంది కనుక కవరు తేలికగా ఉండేలా చూసుకుంటే సరిపోతుంది. నవలకు ఆ సౌకర్యం వర్తింపజేస్తారేమో మీ పోస్టాఫీసులో ముందే కనుక్కో. అమెరికా తెలుగువారు ఈ-బుక్ అడుగుతారు. 2016లో కిండిల్ ప్రచురణలో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళాలకు చోటిచ్చిన అమెజాన్ తెలుగును పక్కన పెట్టింది. ఆ నష్టం మన చిన్న ప్రచురణలకే ఎక్కువగా తగిలింది. పుస్తకం కొనమని జిల్లా గ్రంథాలయ సంస్థలకు దరఖాస్తులు పెట్టడం విసుగు పుట్టించే పనే, అయినా మానవద్దు.

పోటీల గురించి కూడా అడిగావు. పంపు. 2017లో తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) నవలల పోటీలో బహుమతి పొందిన బండి నారాయణస్వామి ‘శప్తభూమి’కి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పోటీలు సాధారణంగా అముద్రిత రచననే అడుగుతాయి కాబట్టి, ఫేస్‌బుక్‌లో అధ్యాయాలు పెట్టే ముందు ఆలోచించుకో. నీకింకా 35 నిండలేదు. పుస్తకం సకాలంలో వస్తే అకాడమీ యువ పురస్కారం పరిశీలనకూ అవకాశముంటుంది. వీటికోసం ప్రచురణను మాత్రం ఏళ్ల తరబడి ఆపవద్దు.

ప్రస్తుతానికి నువ్వు చేయవలసింది రెండో భాగంలో యార్డు చరిత్ర చెప్పే 30 పేజీలను పదికి తగ్గించడం. కథ అక్కడ ఆగిపోతోంది. ఆ పని పూర్తయ్యాక నేను ఇద్దరు ప్రచురణకర్తల చిరునామాలు పంపుతాను. ఇద్దరూ నెమ్మదిగా పనిచేస్తారు, కానీ లెక్కలు చూపిస్తారు. వాళ్లలో ఎవరు ఒప్పందం పంపినా సంతకం పెట్టే ముందు నాకు ఒక నకలు పంపు, కలిసి చదువుదాం.

ఆశీస్సులతో,
అక్క